అడిగిన మనిషి లేడట

ఐసెలిన్, 1986
ఆదివారం

ఏమండీ,

శుక్రవారం లాయర్ ఫోన్ చేశాడు. కౌంటీ ప్రభుత్వం మీద మీరు వేసిన కేసు కొట్టేశారు. వాల్తేరులో మీరు చదివిన లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఈ దేశంలో పబ్లిక్ లైబ్రరీ ఉద్యోగానికి చెల్లుతుందా లేదా అన్నది జడ్జి తేల్చనే లేదు. ఉద్యోగం అడిగిన మనిషే పోయాడు కాబట్టి ఇక తేల్చాల్సిందేమీ లేదట. ఓడిపోయినా నాకింత మండేది కాదు. చెల్లదు అనడానికైనా మీ డిగ్రీ ఒకసారి చూడాలి కదా!

ఇవాళ ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్ లాట్‌లో మన కారు దగ్గరే నిలబడిపోయాను. ఊరికి కొత్తగా వచ్చిన ఒకావిడ దగ్గరికొచ్చి, "లైబ్రేరియన్ గారి కారు ఇదేనాండీ? తెలుగు పుస్తకాలు ఇస్తారని చెప్పారు" అంది. కారు వెనక ట్రంక్ తెరిచాను. మీరు సర్దిన పుస్తకాలు సర్దినట్టే ఉన్నాయి. ఆవిడ ఒక నవల తీసుకుని, "ఎప్పటికి రిటర్న్ చెయ్యాలండీ?" అని అడిగింది.

పుస్తకాల పక్కనే ఉన్న మీ తేదీ ముద్ర చేతిలోకి తీసుకున్నాను. మీరు ఆస్పత్రికి వెళ్లేముందు పెట్టిన తేదీయే ఇంకా దాని మీద ఉంది. ఆ అంకెలు తిప్పడానికి చేతులు రాలేదు.

"ఆయన్ని అడిగి చెప్తానమ్మా" అన్నాను.