పదిహేడో నంబరు హాజరు

వినుకొండ దగ్గర మిరప చేలు,
18 ఫిబ్రవరి 1985

పూజ్యులైన హెడ్మాస్టరు గౌస్ బాషా గారికి, మీ దగ్గర ఎక్కాలు నేర్చుకున్న ఇమ్మానియేలు వందనాలు.

మేమంతా క్షేమం. ఘాటుకు దగ్గడం తప్ప ఏ జబ్బూ లేదు. అయ్యా, క్రిస్మస్ సెలవులవగానే ఇంటికి తాళం వేసి, నేనూ మా ఎలీసమ్మా మిరప కోతకు వచ్చేశాం. వయసొచ్చిన పిల్లను ఒంటరిగా వదల్లేక దేవకుమారిని కూడా తెచ్చుకున్నాం. మీకు చెప్పకుండా రావడం తప్పే. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే తొమ్మిదిలోనే ఆపేస్తారట కదా. పిల్ల రోజూ కల్లంలో కూర్చుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. మా ఇంట్లో పదో తరగతి మొహం చూసినవాళ్ళు లేరు. ఈ ఒక్కసారికి దయ చూపండి.

ఇట్లు,
విధేయుడు ఇమ్మానియేలు

తా.క. డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాను. టైఫాయిడ్ అని రాశాడు. మీకు అది నచ్చకపోతే పచ్చకామెర్లయినా రాసిస్తానన్నాడు.

* * *

చింతలకొల్లు హైస్కూలు,
పొదిలి దగ్గర,
24 ఫిబ్రవరి

ఇమ్మానియేలుకు గౌస్ బాషా ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాతో పరాచికాలా? మీ అమ్మాయి జనవరి నుంచి ఒక్క పూట కూడా మానలేదు. తొమ్మిదో తరగతి హాజరు నేనే పిలుస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పద్ధతి ఒక్కటే. తల ఎత్తను, పేరు పిలవను, నంబరు పిలుస్తాను. "పదిహేడు" అంటే "ప్రెజెంట్ సార్" అని రోజూ వినబడుతోంది. ఆ గొంతు కిటికీ పక్క బెంచీ నుంచే వస్తోంది కూడా. టైఫాయిడ్ తిప్పి పంపుతున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఇట్లు,
గౌస్ బాషా

తా.క. నీకు కవలలు పుడితే ఒకరిని దాచిపెట్టి ఒకరినే బడిలో వేశావా? నిబంధనల ప్రకారం ఇద్దరికీ వేర్వేరు నంబర్లుండాలి.

* * *

మిరప చేలు,
1 మార్చి

హెడ్మాస్టరు గారికి నమస్కారాలు.

అయ్యా, కవలలు లేరు. ఉన్నది ఒక్కతే పిల్ల. ఈ ఉత్తరం రాస్తుంటే నా పక్కనే కూర్చుని ఉంది. మీ ఉత్తరం చదివి వినిపించినప్పటి నుంచి ఎలీసమ్మ రోజూ పొద్దున లేవగానే పిల్లను గిల్లి చూస్తోంది, నిజంగా ఉందో లేదోనని. పిల్ల చెయ్యంతా కమిలిపోయింది. మా మేస్త్రి అలీ సాహెబ్ చెప్పులు విప్పించి పాదాలు చూశాడు. దేవుడి దయవల్ల ముందుకే తిరిగి ఉన్నాయి.

మరి అక్కడ పలుకుతున్నది ఎవరండీ? ఒక్కసారి తల ఎత్తి చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క. ఈ ఒక్క వాక్యం నేను రాస్తున్నాను సార్. నేను ఇక్కడే ఉన్నాను. దేవకుమారి, 9వ తరగతి, నంబరు 17.

* * *

చింతలకొల్లు,
7 మార్చి

ఇమ్మానియేలుకు,

నువ్వు చెప్పావని తల ఎత్తాను. ఎత్తకుండా ఉంటే బాగుండేది.

కిటికీ బెంచీలో ఒక అమ్మాయి బయటికి తిరిగి కూర్చుని ఉంది. మొహం కనబడలేదు. జడా, జడలో అడ్డంగా గుచ్చిన పెన్సిలూ కనబడ్డాయి. "మీ నాన్న ఎక్కడమ్మా?" అని అడిగాను. "మిరప కోతకు పోయాడు సార్" అంది. "మరి ఇంట్లో నీకు తోడెవరు?" అంటే, "ఇల్లు లేదు సార్, బడే" అంది. బయటికి వచ్చి కుండలో నీళ్ళు తాగాను. తిరిగి వెళ్ళేసరికి బెంచీ ఖాళీ. పిల్లల్ని అడిగితే, "పదిహేడు సంక్రాంతికి ముందు నుంచే రావడం లేదు సార్, మీరే రోజూ హాజరు వేస్తున్నారు" అన్నారు. మరి పలికిందెవరని గద్దిస్తే అందరూ కిటికీ బెంచీ వైపు చూశారు.

ఇట్లు,
గౌస్ బాషా

తా.క. మీ ఇల్లు చూసి రమ్మని బంట్రోతు మాబును పంపాను. తాళం వేసినట్టే ఉందట. అక్కడ ఏ భయమూ వేయలేదట. బడికి తిరిగి రావడానికే భయపడుతున్నాడు.

* * *

మిరప చేలు,
13 మార్చి

హెడ్మాస్టరు గారికి,

పెన్సిలు సంగతి చదవగానే దేవకుమారి చేతిలో కాయలు జారవిడిచింది. "జానీబీ నాన్నా. జడలో పెన్సిలు పెట్టుకునేది అదే" అని ఏడ్చింది. జాన్ బాషా కూతురు గుర్తుందా అండీ? ఎనిమిదిలో మా పిల్ల పక్కన కూర్చునేది. కోతకు పోయి రోజులు చాలక మీరు ఎనిమిదిలోనే ఆపేస్తే, వాళ్ళ నాన్న బడి మాన్పించేశాడు. ఈసారి కోతలు మొదలైన కొత్తల్లో, మేం రాకముందే, ఈ చేల దగ్గరే జ్వరమొచ్చి పోయింది.

ఇంక పిల్లను ఇక్కడ ఉంచలేను. తల్లీకూతుళ్ళను పొదిలి బస్సు ఎక్కించాను. పాస్ చేస్తారో ఆపుతారో మీ ఇష్టం. ఆ పిల్ల తెచ్చిన హాజరు మాత్రం మాకొద్దండీ. అది దానిదే.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క. దేవకుమారికి భయం లేదట. బెంచీలో కొంచెం జరిగి కూర్చుంటానంటోంది.

* * *

చింతలకొల్లు,
23 ఏప్రిల్

ఇమ్మానియేలుకు ఆశీస్సులు.

దేవకుమారి వచ్చిన రోజు "పదిహేడు" అని పిలిచాను. రెండు గొంతులు పలికాయి. మర్నాడూ రెండే. నెల రోజులు అలాగే నడిచింది. పిల్లలు అలవాటు పడ్డారు. నేను పడలేదు.

పాత రిజిస్టరు తీశాను. జానీబీకి తక్కువైంది పదకొండు రోజులు. పదిహేను రోజుల వరకు మన్నించే అధికారం హెడ్మాస్టరుకు ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేనెప్పుడూ వాడలేదు. వాడనందుకు గర్వపడేవాణ్ణి కూడా. ఆ పిల్లను ఆపేసిన రోజు జాన్ బాషా వరండాలో సాయంత్రం దాకా నిలబడ్డాడు. నేను అప్పుడు కూడా తల ఎత్తలేదు. పదకొండు రోజుల కోసం ఆ పిల్ల మూడు నెలలకు పైగా వచ్చి కూర్చుంది.

నిన్న ఆఖరి పనిదినం. మీ అమ్మాయి అసలు హాజరు మళ్ళీ లెక్కవేస్తే ఆరు రోజులు తక్కువైంది. మన్నించాను. పరీక్షలో మార్కులు తనే తెచ్చుకుంది, పదో తరగతికి వెళుతుంది. తర్వాత పాత రిజిస్టరులో జానీబీ పేరు ఎదురుగా పదకొండు రోజులూ మన్నించి, 'పై తరగతికి పంపడమైనది' అని రాసి, సంతకం చేసి, స్కూలు ముద్ర వేశాను. ఆ పిల్లకు ఇది అప్పుడే చేసి ఉంటే బతికి ఉండేదేమో. ఆ మాట నన్ను వదలదు.

చివరిసారిగా పదిహేడు పిలిచాను. ఒక్క గొంతే పలికింది. మీ అమ్మాయి పక్కకు చూసి కళ్ళు తుడుచుకుంది.

ఇట్లు,
గౌస్ బాషా

తా.క. ఉత్తరం అంటించబోతుంటే మాబు వచ్చాడు. సున్నం వేయడానికి పై తరగతుల గదులు తెరిచాడట. తొమ్మిదిలో కిటికీ పక్క బెంచీ మీద కొత్తగా చెక్కిన పెన్సిలు ఉందట. జానీబీని నేను పాస్ చేసింది ఎనిమిది నుంచి తొమ్మిదికే కదా, పిల్ల పద్ధతి ప్రకారమే కూర్చుంది. జూన్ నుంచి తల ఎత్తే హాజరు పిలుస్తాను. తొమ్మిది ఎలాగో గట్టెక్కిస్తాను. ఆ పైన పదో తరగతి పబ్లిక్ పరీక్షకు జానీబీ హాల్ టికెట్టు మీద ఎవరి ఫోటో అంటించాలో తోచడం లేదు. నీకేమైనా తోస్తే రాయి.