లూకాలో లేని బెల్లం

తాండూరు, 9-8-1957

అవ్వకు కొడుకు ఇసాకు వందనాలు. నా జ్వరం తగ్గింది, ఫికర్ పెట్టుకోకు. చెల్లె ఈ కార్డు నీకు నిదానంగా చదివి వినిపించాలి.

మొన్న ఆదివారం పెద్దేముల్‌లో నా మొదటి ప్రసంగం. బాగా చెబితేనే సువార్త చెప్పడానికి ఊళ్లకు పంపుతామన్నారు. లూకా సువార్తలోని తప్పిపోయిన గొర్రె కథ వారమంతా తయారుచేసుకున్నాను. తీరా నిలబడ్డాక అంతా మరిచిపోయి, చిన్నప్పుడు నువ్వు చెప్పినట్టే చెప్పాను. గొర్రె దొరికిందని కాపరి వాడలో అందరికీ బెల్లం పంచాడని కూడా చెప్పేశాను.

ఆరాధన కాగానే పాస్టరుగారు అందరి ముందే, "ఇసాకూ, బెల్లం ఏ వచనంల ఉన్నది?" అని అడిగారు. ముందు కూర్చున్న నాగవ్వ అనే ముసలమ్మ, "పోయిన గొర్రె దొరికినంక నోరు తీపి చెయ్యకుంట ఎట్లుంటడయ్యా?" అని ఇంటికి పోయి బెల్లం ముద్ద తెచ్చి పంచింది. పాస్టరుగారూ తిన్నారు. నన్ను పంపుతున్నారు. దేవునికి స్తోత్రం, ఆ తరువాత నీకే.

మేక ఈనిందా? వానకు గోడ ఆగిందా? ఇటు వచ్చేవాళ్ల చేతికి నా గొంగడి ఇచ్చి పంపు. నాకోసం ప్రార్థన మానకు.

వచ్చే ఆదివారం తప్పిపోయిన కొడుకు కథ చెప్పమన్నారు. దాంట్లో నువ్వు కలిపినవేమిటో చెల్లెతో రాయించు. తీసెయ్యడానికి కాదు.

నీ కొడుకు
ఇసాకు