నొక్కి, ఆగి, చెప్పు

నవంబర్ 23, ఆదివారం

ఈ డైరీలో నాకు నత్తి లేదు. అందుకే కొన్నాను.

నిన్న ఢిల్లీ నుంచి హామ్ రేడియోలో మాట్లాడటానికి లైసెన్స్ వచ్చింది. రేడియోలో పేరుకు బదులు చెప్పాల్సిన నా కాల్‌సైన్ చివరి రెండు అక్షరాలు పీ, బీ. రేడియో భాషలో పాపా, బ్రావో. ప, బ. నా నోరు ఎక్కడ మూసుకుపోతుందో ఎవరో కనుక్కుని మరీ ఇచ్చినట్టున్నారు. గట్టిగా నవ్వాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైంది బిడ్డా అని అడిగింది. చెప్పబోయాను. ప దగ్గర ఆగింది. పాసయినవ్ గదా, పోస్టుల వచ్చింది గదా అని అమ్మే చెప్పేసుకుని వెళ్లిపోయింది.

మా అమ్మ జ్ఞానమ్మ రిటైర్డ్ టీచర్. నేను నోరు తెరిస్తే చాలు, మిగతాది తను అందుకుంటుంది. చేపల దగ్గర నేను కిలో అనేలోపు, బొచ్చె ముక్కలు కొట్టు, తలకాయ వద్దు అని అమ్మ. నాకు తలకాయే ఇష్టం. ఇరవై ఏడేళ్లుగా చెప్పలేకపోతున్నాను. అమ్మది ప్రేమే, కాదనను. కానీ ఒక్క మాట మొదటి నుంచి చివరిదాకా నేనే చెప్పాలి, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. నాకు కావలసింది అదొక్కటే. నేనేం ఆకాశాన్ని కిందికి దింపమనడం లేదు కదా.

ఇంట్లో కూర్చుని వీడియోలకు సబ్‌టైటిల్స్ టైప్ చేస్తాను. ఊళ్లోవాళ్ల మాటలన్నీ పూర్తిగా రాసేది నేను. నా మాట పూర్తి చేసేది ఊరు.

నవంబర్ 26

చేతి రేడియో సెట్ చార్జింగ్ పెట్టాను. పచ్చలైటు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను.

నవంబర్ 29, శనివారం

మూడు రోజులుగా సెట్లో పిలుస్తున్నాను. ఒక్కరూ పలకలేదు. మా హామ్ క్లబ్బులో అందరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడం వినబడుతూనే ఉంది. నేను పిలిస్తే మాత్రం నిశ్శబ్దం. నా నత్తి విని నవ్వుకుంటున్నారనుకున్నాను. సెట్‌ని బియ్యం డబ్బాలో పడేశాను.

అదే రోజు, సాయంత్రం

పరమేశ్ సార్ వచ్చారు. మా వెనక వీధే. టెలిఫోన్స్‌లో రిటైరై, మేడమీద గదిలో హామ్ క్లబ్ నడుపుతున్నారు. పరీక్షకు నన్ను కూర్చోబెట్టింది ఆయనే. సెట్ ఏదమ్మా అన్నారు. బియ్యంలోంచి తీసి ఇచ్చాను. ఆయన గింజలు దులిపి చూశారు. టోన్ పెట్టలేదు బిడ్డా అన్నారు.

మా రిపీటర్ ఖిల్లా వైపు ఒక ఎత్తు బిల్డింగ్ మీద ఉంది. చేతిలో సెట్టు మాట నాలుగు వీధులు దాటితే గొప్ప. రిపీటర్ దాన్ని అందుకుని పెద్ద గొంతుతో మళ్లీ చెప్తుంది, అప్పుడు పాపన్నపేట దాకా వినబడుతుంది. కానీ మాటతో పాటు చెవికి ఆనని ఒక సన్నని టోన్ కూడా వెళ్లాలి. లేకపోతే అది పట్టించుకోదు. అంటే ఈ మూడు రోజులు నేను గోడతో మాట్లాడాను.

నా మూడు రోజుల నత్తి ఎవరికీ వినబడకుండా వృథా అయిపోయింది. సార్ వెళ్లాక పడీపడీ నవ్వాను.

డిసెంబర్ 7, ఆదివారం

మొదటి నెట్. ఆదివారం సాయంత్రం అందరూ వరసగా కాల్‌సైన్ చెప్పి హాజరు వేయించుకుంటారు. నడిపేది ఇంద్రకరణ్ అన్న, బస్టాండ్ దగ్గర మెడికల్ షాపు ఆయనది. గొంతు బాగుంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నా వంతు వచ్చింది. బటన్ నొక్కాను. వీ, యూ, త్రీ దాకా వచ్చింది. ప దగ్గర తాళం పడింది. నొక్కే ఉంచాను. చెమటలు. చాలాసేపటికి రిపీటర్ దానంతట అదే కట్ చేసేసింది. ఎవరైనా బటన్ వదలకపోతే అలా కట్ చేయడానికి దానికి టైమర్ ఉంటుందట. మిషన్‌కి కూడా నాతో ఓపిక లేదు.

అప్పుడు ఇంద్రకరణ్ అన్న సెట్లోకి వచ్చి, నిస్సి చెల్లె అనుకుంట, అందరికి గుడ్ ఈవినింగ్ చెప్తున్నది అన్నాడు.

నేను గుడ్ ఈవినింగ్ చెప్పడం లేదు. ఆయన మందుల షాపు ఏసీలో ఎలకలు పడ.

డిసెంబర్ 8

పొద్దున్నే సార్ పిలిచారు. తిడతారనుకున్నాను. టీ ఇచ్చారు.

ఆయన చెప్పింది రాసుకుంటున్నాను. ముందు వినాలి, ఎవరూ మాట్లాడటం లేదని నిశ్చయం చేసుకోవాలి. మాట నోట్లో తయారయ్యాకే బటన్ ముట్టుకోవాలి. నొక్కగానే మాట్లాడకూడదు, ఒక్క క్షణం ఆగాలి. రిపీటర్ లేవడానికి ఆ క్షణం పడుతుంది. ఆగకపోతే మొదటి మాటలు గాలిలో కలిసిపోతాయి. సెట్ నోటికి ఆనించి అరవకూడదు, కొంచెం దూరంగా, కొంచెం పక్కగా పట్టుకోవాలి. నొక్కి, ఆగి, చెప్పు, గంతే బిడ్డా అన్నారు.

వచ్చేస్తుంటే మళ్లీ పిలిచి ఇంకో మాట అన్నారు. మధ్యల మాట ఆగితే ఆగనియ్, ఫికర్ జెయ్యకు, టైమర్‌కు మస్తు టైముంది, బటన్ నీ చేతిల ఉన్నంతసేపు నీ మాట మధ్యల ఎవ్వడు రాలేడు అన్నారు.

మెట్ల మీదే నిలబడిపోయాను. నిజమే కదా. ఒకరు నొక్కితే మిగతావాళ్లంతా వినాల్సిందే. బుద్ధిమంతులై కాదు, యంత్రం అలాంటిది.

దేవుడా, ఇలాంటి చోటు ఒకటి ఉందని ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదే.

డిసెంబర్ 14

చెప్పాను. పాపా, బ్రావో, రెండూ. ప దగ్గర టీ చల్లారేంతసేపు ఆగాను. ఎవరూ రాలేదు. రాలేకపోయారు.

డిసెంబర్ 25

చర్చి దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. ఫోన్లు కలవలేదు. అమ్మ తప్పిపోయింది. నేను తప్పిపోయానని అమ్మ అంటోంది.

జనవరి 11, ఆదివారం

పరశురాం బోరు మోటార్లు బాగుచేస్తాడు, క్లబ్బులో అందరికంటే హుషారు. ఆన్‌లైన్‌లో జీఎంఆర్‌ఎస్ సెట్లు చూశాడట, పరీక్షలు గిరీక్షలు లేకుండా ఇంటిల్లిపాదీ వాడొచ్చట, కొందామా సార్ అన్నాడు. అది వేరే దేశపు చట్టం, మన దగ్గర దానికి లైసెన్స్ లేదు, నొక్కితే కేసు అయితది అని సార్. పరశురాం ముఖం మాడిపోయింది.

అతని జబ్బు ఒకటే. వేలు బటన్ మీద పడకముందే నోరు మొదలవుతుంది. అన్న, తిన్నవా, బాగున్నవా అని మొదలుపెడితే మాకు వినబడేది న్నవా అని మాత్రమే. ఫోనులో అలవాటైన పలకరింపులన్నీ రేడియోలోకి మోసుకొస్తాడు. ఒకరి తర్వాత ఒకరు నొక్కేటప్పుడు కొంచెం ఖాళీ వదలాలి, అర్జంటు పని ఉన్నవాడు దూరడానికి. పరశురాం ఆ ఖాళీలో చాయ్ ముచ్చట పెడతాడు. అయినా అతనంటే నాకు కోపం రాదు. నా మాట ఎప్పుడూ అందుకోడు. అతనికి తన మాటలతోనే తీరదు.

జనవరి 25

శివరాత్రికి ఏడుపాయల జాతరలో పోలీసులకు సాయంగా మా క్లబ్ రేడియోలు పెడుతోంది. జనంలో ఫోన్లు కలవవు కదా. డ్యూటీలు వేశారు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నడిపే కంట్రోల్ ఇంద్రకరణ్ అన్న. స్నానాల దగ్గర పరశురాం. నాకు మెడికల్ క్యాంపు, అంబులెన్స్ పక్కన. చెల్లె, నువ్వు ఉట్టిగ వినుడు చాలు, మాట్లాడే పని ఉంటే నేను చూస్కుంట అన్నాడు ఇంద్రకరణ్ అన్న.

నాకు ఒళ్లు మండింది. వద్దు, నేను మాట్లాడతాను అని చెప్పబోయాను. వ దగ్గర ఉండగానే, వద్దంటవా, సరె, ఇంట్లనే ఉండు, ఏం పర్వాలేదు అన్నాడు.

సార్ చూస్తూ ఉన్నారు. డ్యూటీ కాగితంలో నా పేరు కొట్టేయనివ్వలేదు, అంతే.

ఫిబ్రవరి 15, ఆదివారం

అమ్మ టిఫిన్ డబ్బా కట్టి, నీళ్ల బాటిల్ ఇచ్చి, జాతరల నీకేం పని బిడ్డా అని వందసార్లు అడిగి, చివరికి షేర్ ఆటో దాకా వచ్చింది. డ్రైవర్‌కి నేను ఎక్కడ దిగాలో తనే చెప్పింది.

రోజంతా విన్నాను. ఉట్టిగనే.

ఫిబ్రవరి 16, సోమవారం, సాయంత్రం

ఒంటి మీద దుమ్ము కూడా కడుక్కోలేదు. ముందు ఇది రాయాలి.

ఇవాళ గుడి చుట్టూ బండ్లు తిరిగే రోజు. ఊళ్లనుంచి ఎడ్లబండ్లు ముస్తాబై వచ్చాయి. దుమ్ము, డప్పులు, పూనకాలు. మధ్యాహ్నం దాటాక సెట్లో పరశురాం గొంతు వచ్చింది. ముందు మాటలు తెగిపోయాయి. మిగిలింది ఇంతే: పడిపోయిండు, పెద్దమనిషి, సోయి లేదు, జల్ది అంబులెన్స్. ఎక్కడ అన్నది లేదు. నొక్కగానే అరిచాడు, మొదటి ముక్క పోయింది.

ఇంద్రకరణ్ అన్న ఒక్క క్షణం ఆగలేదు. పరశురాం డ్యూటీ స్నానాల దగ్గర కాబట్టి అంబులెన్స్ స్నానఘట్టానికి పోవాలె అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. ఇంకెవరో జనాన్ని పక్కకు జరపమన్నారు. ఒకరు వదలడమే ఆలస్యం, ఇద్దరేసి ఒకేసారి నొక్కుతున్నారు. మధ్యలో పరశురాం ఏదో చెప్పబోయాడు, అదీ నలిగిపోయింది.

అంబులెన్స్ డ్రైవర్ బండి స్టార్ట్ చేసి, మేడమ్, ఘాట్‌కేనా అని నన్ను అడిగాడు.

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. పరశురాం చెప్పని మాటను వాళ్లు పూర్తి చేసేశారు. రోజూ నాకు చేసేదే ఇవాళ ఒక మనిషి ప్రాణంతో చేస్తున్నారు. ఆ జనంలోకి ఒకసారి బండి దూరితే వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు.

డ్రైవర్‌కి చేయి అడ్డం పెట్టాను. రెండు గొంతుల మధ్య ఇంత ఖాళీ దొరికింది. నొక్కాను. ఆగాను. పరశురాం అనాలి. ప. రాలేదు.

వదల్లేదు. నా పెదవులు బిగుసుకుని ఉన్నాయి, బటన్ బిగించి ఉంది. జాతర మొత్తంలో మా సెట్లన్నీ మూగపోయాయి. ఇంద్రకరణ్ అన్న కూడా. నా ప అడ్డం కూర్చుంది, ఎవరూ దూరలేరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను చూస్తే జనం కంగారుపడేది ఈ నిశ్శబ్దానికే. ఇవాళ అదే అందరి నోళ్లూ మూయించింది.

వచ్చింది. పరశురాం, ఎక్కడున్నవ్. నొక్కి, ఆగి, చెప్పు. మిగతా ఎవ్వరు నొక్కకుండ్రి.

వదిలాను.

ఎవరూ నొక్కలేదు. తర్వాత పరశురాం, ఈసారి మెల్లగా, మొదటి నుంచి. పెద్ద వంతెన అవతల, బండ్లు విప్పిన చోట, వేపచెట్ల కింద అన్నాడు. చాయ్ కోసం అటు పోయాడట. స్నానఘట్టానికి పూర్తిగా ఎదురు దిక్కు.

డ్రైవర్ నా వైపు చూశాడు. వంతెన అన్నాను. ఒక్క దెబ్బకే వచ్చింది. బండి కదిలింది.

ఫిబ్రవరి 17

పడిపోయినాయన పేరు లక్ష్మయ్య, రేగోడ్ నుంచి బండి తోలుకొచ్చాడు. షుగర్ మనిషి, ఉపవాసం ఉండి ఎండలో ఎడ్లతో నడిచాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని దవాఖానలో చెప్పారట. ఇప్పుడు లేచి కూర్చుని నా ఎడ్లకు నీళ్లెవరు పెట్టిండ్రు అని అందరినీ తిడుతున్నాడట. పరశురాం పెట్టాడు. పొద్దటిదాకా వాటి దగ్గరే ఉన్నాడు.

పరశురాం ఫోన్ చేశాడు. నిస్సీ, నువ్వు ఆగుమనకుంటె నేను ఇంకా ఒర్రుతనే ఉండేటోన్ని, అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఫోనులో ఇద్దరం మాట్లాడకుండా చాలాసేపు ఉన్నాం, లైన్ కట్ అయిందని ఎవరూ పెట్టేయలేదు.

ఫిబ్రవరి 18, బూడిద బుధవారం

చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని బయటికి వస్తుంటే ఇంద్రకరణ్ అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. షాపు మూసుకుని వచ్చాడు. చెల్లె, మొన్న నేను అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అంత మాటకారికి మాట దొరకడం లేదు. ఎలా పూర్తి చేయాలో నాకు తెలుసు. చేయలేదు. ఎదురుచూశాను. తప్పు జేసిన, నీ దగ్గర కూడ శానసార్లు జేసిన అన్నాడు చివరికి.

పర్వాలేదు అనలేదు. అంత త్వరగా ఎందుకు? థాంక్స్ అన్నాను.

అమ్మ పక్కనే ఉంది. మొత్తం విన్నది. చేపల దగ్గర ఆగి నన్ను ముందుకు నిలబెట్టి, తను సంచి తెరిచి పట్టుకుని ఎటో చూసింది. చేపలమ్మి సౌభాగ్యమ్మకు అలవాటు లేక రెండుసార్లు అమ్మ వైపు తిరిగింది. అమ్మ పలకలేదు. నేను ఆగి, ఆగి, తలకాయ కూడా కావాలి అన్నాను.

నీకు తలకాయ ఇష్టమా అని అమ్మ రోడ్డు మీదే నిలబడి అడిగింది. పులుసు తినేటప్పుడు కూడా అడిగింది. చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, ముల్లు జూస్కో అంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

సార్ నెట్‌లో చెప్పారు. వచ్చే వారం నుంచి కంట్రోల్ నిస్సి, ఆమె నొక్కినప్పుడు అందరు ఆగాలె అన్నారు. పరశురాం నొక్కి, ఆగి, శానా మంచిది అన్నాడు. పూర్తిగా వినబడింది.

నాకు భయంగా ఉంది. సంతోషంగా కూడా ఉంది. రెండూ రాస్తున్నాను.

మార్చి 1, ఆదివారం

నెట్ నడిపాను. మధ్యలో చాలాసార్లు ఆగాను. నా మాట ఎవరూ అందుకోలేదు.

ఇంద్రకరణ్ అన్న ఏదో చెబుతూ మాట వెతుక్కుని బటన్ వదిలేశాడు. నేను నొక్కి, ఆ మాట అందించి పూర్తి చేశాను. సారీ చెప్పలేదు. ఎంత హాయిగా ఉందో.