హాజీ పోసిన మందు

బందర్ అబ్బాస్, ఇరాన్

ఎస్మత్ అక్కా, నీ చేతులకు నా ముద్దులు.

ఫోన్‌లో అడిగినప్పుడల్లా "అంతా బాగానే ఉన్నాం" అన్నాను. బాగాలేం. నోటితో చెప్పలేక రాస్తున్నాను. మన మేసమ్‌కి చూపు పోయింది.

ఎవరి పెళ్ళికో వెళ్ళి స్నేహితులతో దొంగసారా తాగాడు. అది కల్తీది. మరునాడంతా వాంతులు. "ఏం తిన్నావురా?" అంటే "చేప పడలేదమ్మా" అన్నాడు. ఆ మర్నాడు నేను ఎదురుగా నిలబడి ఉండగానే, "దీపం ఎందుకు ఆర్పావమ్మా?" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, అక్కా!

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "తాగావా? నిజం చెప్పు నాయనా, నేను పోలీసుని కాదు" అంది. వాడు ఏడుస్తూ తలూపాడు. రక్తం శుద్ధి చేయాలట. ఈలోగా ఆ విషానికి విరుగుడు కల్తీలేని సారాయేనట, గొంతులో పోయాలట. మసీదులో ముందు వరుస ఏనాడూ వదలని మా ఆయన గోడకు చేరగిలబడ్డారు.

"హరామ్ కదా తల్లీ..."

"కొడుకు పోవడం కంటేనా హాజీ?"

ఆయన నర్సు చేతిలోని గ్లాసు అందుకున్నారు. అలవాటుగా బిస్మిల్లా అని దేవుణ్ణి తలవబోయి ఆగిపోయారు. వాడి తల ఎత్తిపట్టి తనే పోశారు.

ప్రాణం దక్కింది. "ముందే తీసుకొచ్చి ఉంటే కళ్ళూ దక్కేవి" అంది డాక్టరమ్మ. ఎందుకు తీసుకురాలేదో నాకు తెలుసు. పోయినేడు మా వీధి కుర్రాడొకడికి తాగినందుకు కొరడా దెబ్బలు పడ్డప్పుడు, భోజనాల దగ్గర ఈయన, "నా కొడుకే తాగితే చెవి పట్టుకుని నేనే పోలీసులకు అప్పజెప్తా" అన్నారు. ఆ మాటకు జడిసే వాడు విషాన్ని కడుపులో దాచుకున్నాడు. నేనిక ఈ మనిషితో ఉండలేను. వాణ్ణి తీసుకుని యజ్ద్‌కి, నీ దగ్గరికి వచ్చేస్తాను. ఒక గది ఇయ్యి.

నీ చెల్లెలు
తూబా

---

అక్కా, నా ప్రాణమా,

గది సర్దించావట. కోప్పడకు, నేను రావడంలేదు.

శుక్రవారం మసీదుకు వెళ్ళి ఆడవాళ్ళ పరదా వెనక కూర్చున్నాను. నమాజు అయ్యాక ఆయన లేచి నిలబడ్డారు.

"నా కొడుకు తాగాడు. నాకు భయపడి చెప్పలేదు. వాడి కళ్ళు సగం సారా తీసింది, సగం నా నోరు తీసింది. వాడు బతకాలని ఈ చేత్తోనే సారా పోశాను. ఆ కల్తీ సరుకు ఊళ్ళో ఇంకా అమ్ముతున్నారట. మీ పిల్లలు తాగి ఉంటే ముందు ఆసుపత్రికి పరిగెత్తండి. శిక్షల సంగతి తర్వాత."

"సిగ్గులేదా హాజీ, మసీదులోనా ఈ మాటలు?" అని ఎవరో అరిచారు.

"సిగ్గు ఉండబట్టే కదయ్యా మాకీ గతి!" అన్నారు ఈయన.

నా పక్కన కూర్చున్న రొట్టెల రజబ్ భార్య నా చాదర్ కొంగు పట్టుకుని లాగింది. "తూబా, మావాడు పొద్దుటి నుంచి కళ్ళు మసకంటున్నాడు. వాళ్ళ నాన్నకి చెప్పలేదు" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి మా ఆయన్ని పిలిచాను. కారు తీసి పిల్లాణ్ణి ఆసుపత్రికి చేర్చారు. అక్కా, ఆ పిల్లాడికి చూపు నిలిచింది.

ఇంటికొచ్చి మేసమ్‌కి అంతా చెప్పాను. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు తండ్రిని దగ్గరికి రానిచ్చింది లేదు. ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు. చివరికి వాడే, "నాన్నా, నా గడ్డం మాసింది" అన్నాడు.

ఆయన్ని నేను క్షమించానో లేదో నాకే తెలియదు. ఇప్పుడు ఇద్దరూ పెరట్లో ఉన్నారు. ఆయన అలవాటులేని చేత్తో వాడి గడ్డం గీస్తున్నారు, ఎక్కడ తెగుతుందోనని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. వాడేమో, "నెమ్మది నాన్నా, ఈ మూతైనా మిగల్చు" అంటున్నాడు.

నీ
తూబా