కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

శ్రావ్య బాపూ,

కంప్యూటర్ డబ్బాను మెకానిక్ దగ్గరికి మోసుకుపోకు. సాయంత్రం కరెంటు రాగానే ముందు దాని బటన్ ఒక్కసారి నొక్కి చూడు.

నిన్న కరెంటు ఉన్నప్పుడు అదే ప్లగ్గులో నీ ఫోన్ చార్జర్ పెట్టి చూశాను, పనిచేసింది. మానిటర్ కరెంటు వైరు తీసి డబ్బాకు పెట్టాను, అయినా ఉలుకూ పలుకూ లేదు. మరి లోపం ఎక్కడుందా అని పొద్దున బటన్ తడిమితే, అది లోపలికి పోయి మళ్ళీ బయటికి రావడం లేదు. సూదితో అంచులు గీకితే ఎండిన పసుపు రాలింది! దసరా నాడు మగ్గాలతో పాటు దీనికీ తడి పసుపు పూసి బొట్టు పెట్టింది నేనే. ముందర గుండ్రంగా కనిపించింది ఆ బటన్ ఒక్కటే మరి. ఇప్పుడు నొక్కితే టక్కుమని బయటికి వస్తోంది.

అందులో టైపు చేస్తున్న ధర్నా కరపత్రం ఆగిందని నీకు కోపం, తెలుసు. కానీ "గీ పోరే ఏదో పొడిచి ఖరాబ్ చేసింది" అని అరిచావు. పొద్దున నేను గీకుతుంటే మూడేళ్ళ శ్రావ్య నా చెయ్యి గుంజి "అమ్మా, ముట్టకే, బాపు కొడ్తడు" అంది. రాత్రి మా అమ్మ ఫోన్‌కు చేసి దానితో మాట్లాడు. తప్పు దానిది కాదని నీ నోటితోనే చెప్పు.

బస్సులు సమ్మెలో ఉన్నాయి కదా, కోరుట్ల జీపు దొరికింది, పిల్లను తీసుకొని మా అమ్మ దగ్గరికి పోతున్నాను.

ఆన్ అయితే వెంటనే అమ్మ ఫోన్‌కే ఒక మిస్డ్ కాల్ కొట్టు. చెడగొట్టింది నేనే. బాగు చేసింది కూడా నేనేనా కాదా తెలిసేదాకా నాకు అన్నం సహించదు.