బంగారయ్య భుజం

నాన్నకి,

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్లో అయితే రెండో నిమిషానికల్లా "ఇదిగో, అమ్మతో మాట్లాడు" అని తప్పుకుంటావు. ఉత్తరాన్ని అలా ఇంకొకరి చేతికి అందించలేవు కదా, అందుకని రాస్తున్నాను.

మొన్న నీ ఎగ్జిబిషన్‌కి వచ్చాను. నువ్వు కళ్ళజోళ్ళ షాపు తెరవడానికి వెళ్ళిన వేళ చూసుకుని మరీ వచ్చాను. లైబ్రరీ మేడమీద హాలంతా తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, పైన గాలపు దారంతో వేలాడదీసిన నీ యుద్ధవిమానాలు. ఎంత బాగున్నాయో, నాన్నా. అరచేతిలో పట్టే విమానంలో గోరంత పైలట్, ఆ పైలట్ హెల్మెట్ మీద వెంట్రుకంత గీత. ఆ గీత గీసిన రోజు నాకు గుర్తే. నువ్వు షాపులో వాడే భూతద్దం కంటికి బిగించుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా గీశావు. పక్కన నీళ్ళ సాసర్ పట్టుకుని నిలబడింది నేనే. విమానం రెక్కల మీద అతికించే గుర్తుల కాగితాలు నీళ్ళలో నానేసేవాడివి. అవి కాగితం మీంచి జారడం మొదలవగానే "జారింది!" అని చెప్పడం నా ఉద్యోగం. ఏడేళ్ళ వయసులో అంతకంటే పెద్ద ఉద్యోగం లోకంలో ఉంటుందని నాకు తెలియదు.

తర్వాత రోబోల బల్ల దగ్గరికి వెళ్ళాను. కార్లయ్యేవి, లారీలయ్యేవి, విమానాలయ్యేవి అన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో నా బంగారయ్య. మడిస్తే బంగారు విమానం, విప్పితే బంగారు మనిషి. కుడిచెయ్యి ఊడి పక్కన పడుంది. దాని కింద నువ్వు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన అట్ట: "మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు గెలిచిన యుద్ధం." ఆ పక్కనే అద్దం కింద నా చీటీ. పెన్సిల్‌తో రాసింది, మూల నూనె మరకతో సహా. "నాన్నా, నేనే విరిచాను. ఇంకెప్పుడూ ముట్టుకోను."

చూసినవాళ్ళందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వు మొహం పెట్టాను. ఇంతలో పెద్దాయనొకడు, భుజాన సంచీతో ఉన్నాడు, ఆయనా ఇలాంటివి పోగుచేస్తాడట, పక్కావిడతో అన్నాడు: "ఇది బంగారు ప్లాస్టిక్ కదండీ. మెరుపు కోసం అప్పట్లో ఏదో పొడి కలిపేవారు. ముట్టుకున్నా విరుగుతుంది, ముట్టుకోకపోయినా విరుగుతుంది. ఇవి కొనేవాళ్ళలో ఆ సంగతి తెలియనివాడుండడు. పాపం, ఆ పిల్లనెందుకన్నారో."

నాన్నా, ఆ మాట విన్నాక మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. మర్నాడు మా ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మౌల్డింగ్ మేస్త్రీని, అదే అచ్చులు పోసే ఆయన్ని, అడిగాను. "మెరుపు పొడి ఎక్కువైతే బలం పోతుందమ్మా, కొన్నేళ్ళు తిరిగేసరికి బిస్కెట్టే" అన్నాడు, టీ తాగుతూ, అదేదో పెద్ద విషయం కానట్టు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. అత్త వచ్చింది. ఆవిడకి చూపించడానికని అల్మరా తలుపు తీశావు. బంగారయ్య చెయ్యి అరలో పడి ఉంది. ఆ గదిలోకి వెళ్ళింది నేనొక్కదాన్నే, అది కూడా నా పెన్సిల్ తెచ్చుకోవడానికి. "నేను ముట్టుకోలేదు" అన్నాను. "మరి దానంతటదే విరిగిందా?" అన్నావు. అందరూ పకపకా నవ్వారు. అత్త అయితే "కోతి చేతికి పూలదండ ఇచ్చినట్టుంది మీ వ్యవహారం" అంది. ఆ రోజునుంచి నేను కోతినే అయ్యాను. చుట్టాలింటికి వెళితే గాజు సామాను నాకందకుండా పైఅరల్లోకి ఎక్కేది.

మూడు రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. నీళ్ళ సాసర్ బల్లమీద పెట్టుకున్నావు. నిజానికి నన్ను కొట్టినా బాగుండేది. మూడోనాడు అమ్మ కంచం ముందు కూర్చోబెట్టి, "రాసెయ్యవే తల్లీ, ఏం పోయింది, కాగితమే కదా" అంది. రాశాను. నువ్వు నన్ను ఎత్తుకుని, "అదీ! నిజం చెప్పడానికి ధైర్యం కావాలి" అని మెచ్చుకున్నావు. నా జీవితంలో నేను చెప్పిన మొదటి అబద్ధానికి నువ్వు పెట్టిన ముద్దు అది.

ఇప్పుడు నా ఉద్యోగమేమిటో తెలుసుగా. కుర్చీలు, బకెట్లు, పిల్లల బొమ్మలు ఎంత బరువుకి విరుగుతాయో చూడ్డానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరగ్గొట్టడం. కోతికి జీతమిచ్చి మరీ విరగ్గొట్టిస్తున్నారు. అయినా నీ అల్మరా ఉన్న గదిలోకి వస్తే ఇప్పటికీ చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళిపోతాయి. ముప్పై మూడేళ్ళొచ్చాయి నాకు.

నీకు ఈ సంగతి ఎప్పటినుంచి తెలుసు? అదొక్కటి చెప్పు. పై ఆదివారం ఎగ్జిబిషన్ ముగుస్తుంది, అత్త, అందరూ వస్తారని అమ్మ చెప్పింది. ఈలోగా ఆ చీటీ తీసెయ్యి. ఆ అట్ట తీసి "మా అమ్మాయి విరవలేదు" అని రాసి పెట్టు. మూడు మాటలు, అంతే. విమానం ముక్కు మీద ఇంతకంటే పెద్ద రాతలు రాశావు నువ్వు.

నీ
కోతి

•

అమ్మలూకి నాన్న ఆశీస్సులు.

ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా వెళ్ళిపోయినందుకు మీ అమ్మ అలిగింది. నీ ఉత్తరం దానికి చూపించలేదు. "ఏం రాసింది?" అంటే, ఎగ్జిబిషన్ బాగుందట అని చెప్పాను. అది కూడా రాశావు కదా.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. పన్నెండేళ్ళయింది. బొమ్మలు పోగుచేసే మా క్లబ్బు సెక్రటరీ సీలు తియ్యని డబ్బా ఒకటి తెచ్చాడు, ఇదే రకం. అందరి ముందూ చేతికి గ్లౌజులు వేసుకుని, పసిబిడ్డని తీసినట్టు తీసి, భుజం ఒక్క పిసరు తిప్పాడు. చెయ్యి ఊడి కిందపడింది. అందరూ అయ్యో అన్నారు. నేను ఇంటికొచ్చి అల్మరా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీకు చెబుదామనే అనుకున్నాను. అప్పుడు నీ పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, పాతవి తవ్వడం ఎందుకులే అనిపించింది. తర్వాత ఏడాది ఇంకేదో అడ్డొచ్చింది. ఇలాంటివి ఒకసారి దాటేస్తే ఇక మింగలేం, కక్కలేం.

ఇంకో సంగతుంది. నేను ఏది కొన్నా రెండు కొంటానని నీకు తెలుసు. ఒకటి చూడ్డానికి, ఒకటి దాచడానికి. బంగారయ్యకి జోడీ ఇంకొకటి ఉంది, కొన్ననాటి సీలుతో అలాగే ఉంది. పన్నెండేళ్ళుగా దాన్ని వెనక అరలో, అట్టపెట్టెల చాటున పెట్టాను. తెరిస్తే తెలిసిపోతుంది. తెరవనంత కాలం, ఏమో, నువ్వే విరిచావేమో. నామీద కోపం తెచ్చుకో, కానీ నేను ఆలోచించింది అలాగే.

అయితే ఒక మాట. సెక్రటరీది విరిగినంత మాత్రాన లోకంలో ఉన్నవన్నీ వాటంతటవే విరుగుతాయని రూలు లేదు. నేను నలభై ఏళ్ళుగా కళ్ళు పరీక్ష చెయ్యకుండా ఎవరికీ అద్దాలివ్వలేదు. ఇదీ అంతే. ఆ రెండో డబ్బా నీకే పంపిస్తున్నాను. నువ్వే తెరువు. భుజం ఒక్కసారి తిప్పు. విరిగిందా, ఆదివారం మీ అత్త ముందు, క్లబ్బు వాళ్ళందరి ముందు మైకు పట్టుకుని చెబుతాను, మా అమ్మాయి విరవలేదు, తప్పు నాదని. విరగలేదా, చీటీ ఉన్నచోటే ఉంటుంది, ఇక ఈ సంగతి మనమధ్య మళ్ళీ రాకూడదు. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు. ఏం జరిగితే అది రాయి.

టేపుని బ్లేడుతో తిన్నగా కొయ్యి. డబ్బా మూత చింపకు, లోపలి అట్ట కూడా జాగ్రత్త. అవి ఇప్పుడు దొరకవు.

మీ నాన్న

•

నాన్నకి,

డబ్బా అందింది. నీ జాగ్రత్తలన్నీ పాటించాను. టేపు తిన్నగా కోశాను, మూత చింపలేదు.

ఇది మా టెస్టింగ్ గదిలో కూర్చుని రాస్తున్నాను, భోజనాల వేళ కాబట్టి ఎవరూ లేరు. పొద్దున వచ్చీ రాగానే బల్లమీద పాత టవల్ పరిచి బంగారయ్యని బయటికి తీశాను. కొత్త బొమ్మ వాసన ఇంకా అలాగే ఉంది. ముక్కు వెనక్కి మడిచాను, రెక్కలు వీపుకి చేర్చాను, కాళ్ళు కిందికి లాగాను. ఎవరూ నేర్పలేదు, నువ్వు చేస్తుంటే సాసర్ పట్టుకుని చూసిందే. చివరికి భుజం మిగిలింది. నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి. రోజుకి వంద వస్తువులు విరగ్గొట్టే చేతులు, నవ్వకు.

తిప్పాను. టక్‌మంది. విరగలేదు.

మళ్ళీ తిప్పాను. పైకి, కిందికి, ముందుకి, వెనక్కి. పదిసార్లు తిప్పాను. చెక్కుచెదరలేదు. బంగారు మనిషి రెండు చేతులూ చాపుకుని నా బల్లమీద నిలబడ్డాడు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? "అయితే నేనే విరిచానేమో" అనిపించింది. పెన్సిల్ తీసుకుని వెనక్కి తిరిగేటప్పుడు మోచెయ్యి తగిలిందేమో, ముట్టుకుని మర్చిపోయానేమో అని. ముట్టుకోలేదని నాకు తెలుసు, నాన్నా. ఏడేళ్ళప్పుడు తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఒక్క నిమిషం నా సొంత జ్ఞాపకాన్ని వదిలేసి నీ మాట నమ్మాను. నువ్వు నన్ను కోతిని చేసినందుకు ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తానేమో గానీ, ఈ ఒక్క నిమిషానికి క్షమించలేను.

మేస్త్రీ అటుగా వచ్చి చూశాడు. "కొన్ని ఆగుతాయమ్మా, ఒక్క మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందనుకోవడానికి ఇదేమైనా కుండలో బియ్యమా" అన్నాడు. ఆయన మాట రాసి నీకు పంపొచ్చు. నువ్వు ఒప్పుకోవు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇంకో దారి కూడా ఉంది. విరగ్గొట్టే మెషీన్ నా ఎడంచేతి పక్కనే ఉంది. చెయ్యి ఊడగొట్టి, ముక్కలు డబ్బాలో సర్ది, "తిప్పగానే విరిగింది" అని ఒక్క ముక్క రాస్తే, ఆదివారం నువ్వు మైకు పట్టుకునేవాడివి. అత్త నోరు మూతపడేది. నన్నెవరూ అడిగేవారు కాదు. నువ్వు నమ్మేవాడివి కూడా. కూతురి మాట కాదు కదా, ప్లాస్టిక్ మాట.

అక్కడే నాకు తెలివొచ్చింది. నేను నిర్దోషినా కాదా అన్నది ఒక బొమ్మ భుజాన్ని అడిగి తెలుసుకుంటానన్నావు నువ్వు. నేనూ సిగ్గులేకుండా సరేనని బ్లేడు పట్టుకున్నాను. నేను ముట్టుకోలేదన్నానుగా ఆ రోజే! అది చాలలేదు నీకు. పన్నెండేళ్ళ కిందట సెక్రటరీ చేతిలో ఊడి కిందపడినా చాలలేదు. ఇది కూడా విరిగితే, మూడోది తెమ్మనేవాడివేమో.

అందుకని, మేస్త్రీ వెళ్ళిపోయాక, బంగారయ్య నడుముని మెషీన్‌కి బిగించాను. కుడిచేతికి కొక్కెం తగిలించాను. నాకు దాని మీద కోపం లేదు, పాపం, దానికి నేనంటే ఏం తెలుసు. మీట నొక్కాను. చిన్న చప్పుడైంది, అప్పడం విరిగినంత. అంతే. ఎంత బరువుకి విరిగిందో మెషీన్ చెబుతుంది. నేను చూడలేదు. చూస్తే నీకు రాయాలనిపిస్తుంది, మళ్ళీ అదొక సాక్ష్యమవుతుంది.

కాబట్టి నీ పరీక్ష ప్రకారం నేను ఓడిపోయాను. తిప్పితే విరగలేదు. ఏం జరిగితే అది రాయమన్నావు, రాశాను. నువ్వు మైకు పట్టుకోనక్కర్లేదు. ఆదివారం నేను రావడం లేదు. అమ్మకి ఈ ఉత్తరం చూపించు. ఆ కాగితం రాయమన్నది తనే, ఈ కాగితం చదవడం కూడా తన పనే.

ఆ రోజు నీ హాల్లోంచి బయటపడి బస్సు కోసం నిలబడినప్పుడు, నీ షాపు వీధి చివర బొమ్మల దుకాణంలో అతికించుకునే చిన్న విమానం కిట్ ఒకటి కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు నాకే తెలియదు. సాసర్లో నీళ్ళు నేనే పోసుకుంటాను. జారిందని నాకు నేనే చెప్పుకుంటాను.

డబ్బాలో చెయ్యి ఊడిన బంగారయ్య ఉన్నాడు, పక్కన ఒక చీటీ ఉంది. పాతదాని పక్కన అద్దం కింద పెట్టుకో. మాటలు అవే, అక్షరం మార్చలేదు:

"నాన్నా, నేనే విరిచాను. ఇంకెప్పుడూ ముట్టుకోను."

ఇందులో మొదటి మాట ఇవాళ నిజమైంది. రెండోది మాత్రం అబద్ధం.

నీ కూతురు