మంచె మీద ముగ్గురు

హైదరాబాద్

తాతకు, అవ్వకు శ్రావణి నమస్కారాలు.

మన ఊళ్ళో సిగ్నల్ లేకపోవడం ఒకందుకు మంచిదే. ఉత్తరంలో అయితే తాత నా మాటకు అడ్డుపడలేడు. ఈ నెల కూడా రాలేను. మా కూరగాయల యాప్ అంతా ఒక్క సర్వర్ మీద నడుస్తోంది. సర్వర్ అంటే ఎక్కడో ఉండి అందరికీ పనిచేసే కంప్యూటర్. అది ఆగితే ఊరికి టమాటాలు ఆగుతాయి, లేపాల్సింది నేను. ఎన్ని సర్వర్లు పెట్టాలో నన్నే తేల్చమన్నారు. తక్కువైతే యాప్ పడుతుంది, ఎక్కువైతే మేనేజర్ మొహం మాడుతుంది. రెండు పెడదామనుకుంటున్నాను. ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుంది, నేను ఇంటికి రావచ్చు. మిమ్మల్ని చూసి ఏడాదైంది. బెంగగా ఉంది.

మీ శ్రావణి

తా.క.: అవ్వ పంపిన చింతకాయ పచ్చడి నా గదిలో ఉండే పుష్ప తినేసింది. నాకు సీసా మిగిలింది.

ములకలపల్లి మండలం

చిరంజీవి శ్రావణికి తాత ముసలయ్య దీవెనలు. మేం క్షేమం. మక్కచేను కాదు.

నీ ఉత్తరంతో నా కళ్ళు తెరుచుకున్నాయి. కోతుల బాధకు నేనూ నీలాగే ఒక్కణ్ణే మంచె దిగకుండా కూర్చుంటున్నాను. అందుకని చేను అవతలి అంచున రెండో మంచె వేసి మీ అవ్వ తమ్ముడు బొజ్జయ్యను ఎక్కించాను. అతను కాస్తాడని నేను కునుకు తీశాను. నేను కాస్తానని అతనూ తీశాడు. రెండు సాళ్ళు పోయాయి.

మీ తాత

తా.క.: మీ సర్వర్లు కునుకు తీస్తే ఎవరికి తెలుస్తుంది? ముందు అది కనుక్కో.

హైదరాబాద్

తాతకు నమస్కారాలు.

నేను చెప్పింది కంప్యూటర్ల సంగతి తాతా! సరే, మంచె వేశావు కనుక చెబుతున్నాను. మా సర్వర్లు ఊరికే ఉండవు, ఒకదాన్నొకటి "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటాయి. జవాబు రాకపోతే అవతలిది పోయిందనుకుని ఇవతలిది మొత్తం పని మీదేసుకుంటుంది.

శ్రావణి

తా.క.: బొజ్జయ్య తాత గొంతుకు ఇది సరిపోయే పని.

ములకలపల్లి మండలం

బిడ్డ శ్రావణికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాం. "ఉన్నవా బావా?" "ఉన్న!" పొద్దంతా ఇదే. మొదట కోతులు భయపడ్డాయి, తర్వాత వాటికీ అలవాటైంది. నిన్న గాలివానలో ఒకరి కేక ఒకరికి వినబడలేదు. అతను పోయాడని పెత్తనమంతా నేను తీసుకుని, కంకులు రేపే విరవమని కూలీలకు చెప్పాను. నేను పోయానని పెత్తనం తీసుకుని, వారం ఆగమని అతను చెప్పాడు. వాన వెలిసినా పెత్తనం ఎవరూ వదలడం లేదు. ఏం చెయ్యాలి?

తాత

తా.క.: మీ అవ్వ మాట ఇది: "ఏందిది, ఉన్నదే ఇద్దరు, ఇద్దరూ సర్పంచులేనా?"

హైదరాబాద్

తాతకు నమస్కారాలు.

మాకూ అచ్చం అదే జరిగింది! మధ్యలో లైను తెగింది. రెండు సర్వర్లూ నేనే పెద్దంటే నేనే పెద్దన్నాయి. అందుకే మూడు పెట్టేశాను. ఏ ఇద్దరి మాట కలిస్తే అదే నెగ్గుతుంది. ముగ్గురిలో ఒకరు లేకపోయినా పని ఆగదు. అవ్వను మూడో మంచె ఎక్కించు.

శ్రావణి

తా.క.: మేనేజర్ మొహం మాడలేదు. ఇంకో సంగతుంది, ఇప్పుడు చెప్పను.

ములకలపల్లి మండలం

హైదరాబాదులో శ్రావణి గదిలో ఉన్న మా ఇంటిది జంపక్కకు ముసలయ్య రాసేది.

నువ్వు మూడో మంచె ఎక్కాక కంకుల తగవు తీరింది. అంతటితో ఆగితే బాగుండేది. ఒకరు లేకపోయినా పని ఆగదని పిల్ల రాసింది కదా, ఆ ఒకణ్ణి నేనే, పోయి పిల్లను చూసొస్తానన్నాను. కాదు, మేమిద్దరం పోతామని అక్కా తమ్ముడూ ఓటేశారు. మీ ఇద్దరి మాటే నెగ్గింది.

మీ బస్సు వెళ్ళాక అలవాటు కొద్దీ "ఉన్నవా?" అని అరిచాను. "ఉన్న తాతా!" అని గట్టు మీదినుంచి జవాబొచ్చింది. చూస్తే సంచి భుజాన వేసుకుని శ్రావణి! మూడు సర్వర్లూ బాగా నడుస్తున్నాయని సెలవిచ్చారట. అదే ఆ చెప్పని సంగతి. మీ బస్సూ దాని బస్సూ పాల్వంచ దగ్గర ఎక్కడో ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నువ్వు నవ్వకు.

పుష్పకు పచ్చడి కనబడనివ్వకు. ఈ ఉత్తరం కండక్టర్ చేతికిస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం ఓటేశాం, మీరు జల్దీ వచ్చెయ్యాలి.

ముసలయ్య

తా.క.: కోతులొచ్చాయి. పిల్ల బొజ్జయ్య మంచె మీద నిద్రపోతోంది. అరిస్తే లేస్తుంది. ఇంకో రెండు సాళ్ళు పోతే పోనీ.